మర్యాద పట్టిన ఇల్లు

"నమస్కారం ఇన్‌స్పెక్టర్ గారూ! రాత్రి ప్రశాంతంగా గడిచిందాండీ? ఇంట్లో అందరూ క్షేమమేనాండీ?"

వీధి అవతలి నుంచి ఆ మాటలు వినపడగానే కొరోటుము చేతిలో గరిటె గంజిలోనే ఆగిపోయింది. ఇవాళ్టికి తొమ్మిదో రోజు! దర్జీ చెమోకో త్రావొరే ఇంత మర్యాదగా పలకరించడం వరసగా ఇది తొమ్మిదో రోజు!

ఇరవై నాలుగేళ్ళుగా ఆ నోట పొద్దున్నే వచ్చే మాట వేరు. "ఒరేయ్ బొబ్బర్ల జారా! లేచావా? రాత్రి ఎన్ని కుండల బొబ్బర్లు ఖాళీ చేశావురా, వీధంతా వాసన!" అని అతను అక్కణ్ణుంచి అరిచేవాడు. "నా బానిస పొద్దున్నే ఇంత నోరు చేసుకుంటున్నాడంటే నిన్న తిండి ఎక్కువ పెట్టానన్నమాట!" అని కొరోటుము భర్త జుమానా జారా ఇక్కణ్ణుంచి అరిచేవాడు. సెగూ ఊళ్ళో ఆ వీధికి కోడికూత అదే. జారాల వంశానికీ త్రావొరేల వంశానికీ మధ్య తాతముత్తాతల నాటి వేళాకోళపు చుట్టరికం. ఎంత వయసొచ్చినా, ఎంత పదవిలో ఉన్నా, త్రావొరే తిడితే జారా నవ్వాలి, జారా తిడితే త్రావొరే నవ్వాలి. కోపం రాకూడదు. వచ్చిందంటే అది కోపం కాదు, తెగతెంపులు.

జుమానాకి కోపం వచ్చింది!

స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్‌గా పదవి తీసుకున్న రోజు, రాజధాని నుంచి వచ్చిన పెద్ద డైరెక్టర్ పక్కనే కూర్చుని ఉండగా, చెమోకో రేకు గిన్నెలో ఉడికించిన బొబ్బర్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఉపన్యాసం చాల్లేరా, ఆకలి ముఖంలో కనపడుతోంది, తిను" అన్నాడు. సభంతా పగలబడి నవ్వింది. జుమానా లేచి నిలబడి, అందరూ వింటుండగా, "నాతో మర్యాదగా మాట్లాడటం నేర్చుకోండి" అన్నాడు.

చెమోకో నేర్చుకున్నాడు.

"క్షేమమే చెమోకో గారూ, దేవుడి దయ" అన్నాడు ఇప్పుడు జుమానా, గుమ్మంలో నిలబడి.

వీధిలో కుట్టుమిషన్లు ఆగాయి. కుళాయి దగ్గర బకెట్ల మీదికి వంగిన ఆడవాళ్ళు వంగినట్టే ఉండిపోయారు. ఎవరో దగ్గారు. అంతే. ఇంకేం లేదు, ఇక ఇవాళ్టికి అయిపోయింది.

జుమానా లోపలికొచ్చి పీట మీద కూలబడ్డాడు.

"గంజి సిద్ధంగా ఉందండీ" అంది కొరోటుము. "తమరు ఇక్కడే తాగుతారా, గదిలోకి పంపించమంటారా?"

"కొరో! ఇంకానా?"

"నేను మాత్రం త్రావొరేల ఆడపడుచుని కానాండీ? మా చెమోకో అన్నకి లేని చనువు నాకెందుకండీ?"

"ఆ 'అండీ' ఆపుతావా?"

"తప్పండీ. ఇన్‌స్పెక్టర్ గారి భార్యని. ఎవరన్నా వింటే బావుండదు."

అతను గంజి గిన్నె అందుకున్నాడు. తాగలేదు. గిన్నెలోంచి ఆవిరి లేస్తూ ఇద్దరి మధ్యా కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

ముంగిట్లో చాప మీద ఈ గొడవేమీ పట్టనట్టు అత్తగారు నియెలే కాళ్ళు చాపుకుని మునిమనవరాల్ని ఒళ్ళో పెట్టుకుంది. పుట్టి ఆరు రోజులైన పిల్ల. రేపు నామకరణం. ఆ పిల్ల తండ్రి జుమానా కొడుకు, ముసలావిడకి మనవడు, అంటే ఇక్కడి వాడుక ప్రకారం వేళాకోళానికి 'మొగుడు'. ఆ పిల్ల తల్లి సఫియా 'సవతి'!

"ఒసేయ్ సవతీ! ఈ ముక్కు చూడవే, అచ్చం నాదే. మా ఆయన నన్ను తలుచుకుంటూ కన్నాడు."

"కళ్ళు మసకలొచ్చాయి నీకు" అంది సఫియా, ఉల్లిపాయలు తరుగుతూ. "అది ముక్కు కాదు, చెవి. రేపు నీ మొగుడికి చెప్పి నిన్ను పుట్టింటికి పంపించేస్తా, ఉండు."

"పంపించు! నేను లేకపోతే వాడు నీ వంట తిని రెండ్రోజుల్లో పోతాడు."

ఇద్దరూ కిసకిసా నవ్వుకున్నారు. ఎనభై ఏళ్ళావిడా, ఇరవై ఏళ్ళ పిల్లా. జుమానా వాళ్ళకేసి చూశాడు. ఆ చూపు కొరోటుము పట్టేసింది. ఆకలిగా ఉన్నవాడు పక్కింటి కంచంలోకి చూసినట్టుంది ఆ చూపు.

నియెలే నవ్వు ఆపింది. "రేపటి సంగతి వాడికి చెప్పావా?" అంది కోడల్ని చూసి.

"చెప్పలేదండీ."

"నన్ను కూడా అండీ అంటున్నావేంటే, చంపుతా! ఒరేయ్ జుమానా, నేను చెప్తాను విను. త్రావొరేల నుంచి కబురొచ్చింది. రేపు నామకరణానికి అందరూ వస్తారట. తెల్లబట్టలు కట్టుకుని వస్తారట. వరసగా కూర్చుంటారట. దీవించి వెళ్ళిపోతారట."

"మంచిదేగా?" అన్నాడు జుమానా, ఆ మాట మీద తనకే నమ్మకం లేకుండా.

"మంచిదా! మీ నాన్న నామకరణానికి త్రావొరే ఆడవాళ్ళు వంటగదిలో దూరి మేకపోతు మాంసం ఎత్తుకుపోయారట. నీ నామకరణానికి నీ పేరు పిలవనివ్వకుండా గంటసేపు పళ్ళాలు మోగించారు. అట్లా ఉంటేనేరా చుట్టరికం! కుదురుగా కూర్చుని దీవించి పోవడానికి వాళ్ళేం పైవాళ్ళా? రేపు వాళ్ళట్లా వచ్చి అట్లా వెళ్ళారంటే ఊరు ఊరంతా అనుకుంటుంది, అయిపోయింది, ఈ రెండిళ్ళకీ ఇక ఏమీ లేదని."

"అమ్మా, నువ్వు..."

"నేనేం చెయ్యను? కన్నతల్లిని. కొడుకుతో వేళాకోళమాడే వరస కాదు నాది. ఆ వరసే ఉంటే ఈపాటికి నిన్ను తిట్టి తిట్టి మనిషిని చేసేదాన్ని."

జుమానా గిన్నె పక్కన పెట్టి లేచాడు. "ఇవాళే తేల్చేస్తాను" అన్నాడు. ఎలా తేలుస్తాడో చెప్పలేదు.

*

మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక కొరోటుము పిల్లకి కుట్టించిన బట్టలు తెచ్చుకునే వంకతో చెమోకో దుకాణానికి వెళ్ళింది. దుకాణమంటే రేకుల పంచ, రెండు మిషన్లు, గోడకి వేలాడే సగం కుట్టిన అంగీలు.

"రామ్మా చెల్లీ, కూర్చో" అన్నాడు చెమోకో. పొట్ట మీద కొలతల టేపు, పెదాల మధ్య గుండుసూది. సూది తీసి దిండుకి గుచ్చాడు.

"అన్నా, రేపు మామూలుగా రా. నీకు దణ్ణం పెడతాను. ఆయన ఏదో అన్నాడు, వదిలెయ్. నీకు కోపం ఉంటే నన్ను తిట్టు."

"కోపమా?" చెమోకో నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నాకేం కోపం లేదు చెల్లీ. కోపమే ఉంటే బావుండేది, తీర్చుకునేవాణ్ణి. పొద్దున్నే లేస్తానా, వాణ్ణి తిట్టాలని నోరు తెరుస్తానా, ఆ రోజు వాడి ముఖం కనపడుతుంది. వాడు నన్ను మీరు అన్నాడు. 'నేర్చుకోండి' అన్నాడు. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి, వాడికి నేనెవరో తెలియనట్టు చూశాడు. ఇక మాట రావట్లేదు."

అతను అంగీ ఒకటి తీసి మడత పెట్టాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ మడత పెట్టాడు.

"నా పెళ్ళాం పోయిన రోజు గుర్తుందా నీకు?" అన్నాడు. "అందరూ ఏడుస్తున్నారు. మీ ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి, 'నా బానిస భార్య నా అనుమతి లేకుండా ఎట్లా పోయింది, నేను ఒప్పుకోను, లేపండి' అన్నాడు. ఆ ఏడుపులో నవ్వొచ్చింది నాకు. ఆ నవ్వు వచ్చింది గనక ఆ రోజు గడిచింది. లేకపోతే..."

బయట అడుగుల చప్పుడు.

కొరోటుము తొంగి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జుమానా! ఇస్త్రీ మడతలు నలగని బూడిదరంగు సూటు, వెనక వీధి పెద్దలిద్దరు, చేతిలో ఆకులో చుట్టిన పది కోలా గింజలు. క్షమాపణకి వచ్చాడు. పద్ధతిగా, మధ్యవర్తుల్ని పెట్టుకుని, పైవాళ్ళింటికి వచ్చినట్టు వచ్చాడు!

'అయ్యో దేవుడా, ఎవరు చెప్పారు ఈ మనిషికి ఇట్లా రమ్మని!' అనుకుంది. వేళాకోళపు చుట్టాల మధ్య క్షమాపణలుండవు. ఎవరైనా ఏదైనా అంటే తిరిగి ఇంకోటి అనాలి, అంతే. కోలా గింజలిచ్చి తప్పయిందంటే, ఆ రోజు అన్నది నిజంగానే అన్నానని ఒప్పుకున్నట్టు కాదూ?

పెద్దాయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. జుమానా జారా తరఫున, ఆ రోజు సభలో జరిగినదానికి, చింతిస్తూ, అంటూ చాలాసేపు మాట్లాడాడు. జుమానా తల వంచుకుని నిలబడ్డాడు.

చెమోకో రెండు చేతులూ చాచి కోలా గింజలు అందుకున్నాడు. ఒక గింజ విరిచాడు. సగం పెద్దాయనకి ఇచ్చాడు.

"మా మనసులో ఏమీ లేదండీ" అన్నాడు. "దేవుడు ఇన్‌స్పెక్టర్ గారి పదవి ఇంకా పెంచాలి. రేపు మేమంతా వస్తాం. తెల్లబట్టల్లో వస్తాం."

అయిపోయింది. పెద్దలు తృప్తిగా గడ్డాలు నిమురుకున్నారు. జుమానా ఒక్క క్షణం ఆశగా చెమోకో ముఖంలోకి చూశాడు. అక్కడ ఏమీ లేదు, మర్యాద తప్ప.

*

పొద్దు వాలుతుండగా జుమానా గదిలో మంచం మీద సూటుతోనే కూర్చున్నాడు. కొరోటుము దీపం స్విచ్ వేసింది.

"దిగులుగా ఉన్నారాండీ?"

"ఆయన నవ్వలేదు కొరో."

"ఎవరు?"

"పెద్ద డైరెక్టర్. ఆ రోజు. సభంతా నవ్వుతోంది, మా మాస్టార్లు, పిల్లల తల్లిదండ్రులు, నేను కూడా నవ్వబోయాను. పక్కకి చూస్తే ఆయన నవ్వట్లేదు. నా ముఖంలోకి చూస్తున్నాడు. నాకు యాభై రెండేళ్ళని అప్పుడు గుర్తొచ్చింది. ఈ వయసులో, ఈ కుర్చీలో కూర్చుని, గిన్నెడు బొబ్బర్ల ముందు పళ్ళికిలిస్తున్నానని..." అతను చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. "మర్నాడు ఆఫీసులో ఎవరన్నా నవ్వితే నన్ను చూసే అనిపించింది. ఇంటికొస్తే నువ్వు అండీ అంటున్నావు. నవ్వినా భయం, నవ్వకపోయినా భయం."

కొరోటుముకి అండీ అనబుద్ధి కాలేదు. పక్కన కూర్చుంది.

పెళ్ళినాడు ఈ మనిషే కదా, ఆమె చెయ్యి పట్టుకుని, 'మా బానిసల పిల్లని నేను పెళ్ళి చేసుకోవడమేంటి, మీరే ఎదురు ఏనుగుని ఇవ్వాలి' అని త్రావొరేలందరి ముందూ నేల మీద బైఠాయించి లేవనన్నది! ఆమె పెళ్ళి ముసుగులోంచి, 'ఏనుగు లేదు, బొబ్బర్ల బస్తా ఉంది, లేస్తావా' అంటే చటుక్కున లేచి నిలబడ్డదీ ఇతనే! ఆ నవ్వుల్లో తనకి పుట్టిల్లు వదిలిన బెంగే తెలియలేదు. ఇన్నేళ్ళలో జ్వరాలొచ్చాయి, పంటలు పోయిన ఏళ్ళొచ్చాయి, ఒక బిడ్డని మట్టిలో పెట్టారు. ప్రతిసారీ మళ్ళీ ఏదో ఒక రోజు ఇద్దర్లో ఒకరు 'బొబ్బర్లూ' అనో 'బానిసా' అనో అనేవాళ్ళు, అప్పటినుంచి ఇల్లు మళ్ళీ నడిచేది. రేపు అది పోతే తనకి మిగిలేది ఇన్‌స్పెక్టర్ గారు. జుమానా కాదు.

"ఇప్పుడేం చెయ్యను?" అన్నాడతను.

"రేపు అందరి ముందూ మా అన్నని తిట్టు."

అతను తలెత్తాడు. అండీ పోయిందని ఇద్దరూ గమనించారు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"నోటికి రావట్లేదే! తొమ్మిది రోజులుగా మర్యాదగా మాట్లాడి మాట్లాడి..."

"సాధన చెయ్యి. ఇదిగో, నేనే చెమోకోని. తిట్టు."

జుమానా లేచి కోటు సర్దుకున్నాడు. ఊపిరి పీల్చాడు. "చూడండి చెమోకో త్రావొరే గారూ, మీరు మాకు... వంశపారంపర్యంగా... బానిసలని నా అభిప్రాయం."

కొరోటుము పెదవి కొరుక్కుంది. భుజాలు కదిలిపోతున్నాయి.

"నవ్వుతున్నావా?"

"లేదు లేదు. ఇంకోసారి. ఆ 'అభిప్రాయం' తీసెయ్."

*

తెల్లారింది. త్రావొరేలు వచ్చారు.

పద్దెనిమిది మంది. మల్లెపువ్వుల్లాంటి తెల్లటి పొడుగాటి బుబు అంగీలు, తెల్లటి తలగుడ్డలు. ఒక్కొక్కరే వచ్చి నియెలేకి నమస్కరించి చాపల మీద వరసగా కూర్చున్నారు. ఎవరూ వంటగది వైపు చూడలేదు. మేకపోతు మాంసం పెద్ద మూకుడులో ఉడుకుతోంది, ఎత్తుకుపోయేవాళ్ళు లేక దానికే దిక్కుతోచనట్టుంది. చుట్టుపక్కల వాళ్ళు గోడల మీంచి చూస్తున్నారు. అంత జనం, ఒక్క మాట లేదు. ఇమాం గారు కూడా ఏదో చావింటికి వచ్చినట్టు మెల్లగా చెప్పులు విప్పారు.

జుమానా నీలిరంగు బుబులో గదిలోంచి వచ్చాడు. చాపల ముందుకి వెళ్ళాడు. కొరోటుము స్తంభానికి ఆనుకుని పమిట కొంగులాంటి తన భుజంగుడ్డ అంచు పిడికిట్లో బిగించింది.

"ఎవర్రా..." అన్నాడు. మళ్ళీ అందుకున్నాడు. "ఎవర్రా ఈ నా బానిసల్ని చాపల మీద కూర్చోబెట్టింది? తెల్లబట్టలేసుకుంటే త్రావొరే త్రావొరే కాకుండా పోతాడా? లేరా చెమోకో! లేచి నీళ్ళు మొయ్యి!"

ఎవరూ నవ్వలేదు.

చెమోకో నెమ్మదిగా లేచాడు. "ఇన్‌స్పెక్టర్ గారు ఎట్లా సెలవిస్తే అట్లాగేనండీ" అన్నాడు తలొంచుకుని, నీళ్ళ డ్రమ్ము వైపు నడిచాడు.

కొరోటుము కళ్ళు మూసుకుంది. అయిపోయింది.

మళ్ళీ తెరిచేసరికి చెమోకో డ్రమ్ము దాటి పోయాడు. నియెలే ముందు వంగాడు. ముసలావిడ అతని ముఖంలో ఏం చూసిందో ఏమో, కిమ్మనకుండా పిల్లని అందించేసింది! అతను పిల్లని గుండెకి హత్తుకుని ఇటు తిరిగాడు.

"మొయ్యమన్నావుగా, మోస్తున్నా!" అని గర్జించాడు. "దీనికింకా పేరు పెట్టలేదు! పేరు పెట్టేదాకా ఇది జారా కాదు! పాపం, దీని పొట్టనిండా బొబ్బర్లు కుక్కకముందే కాపాడుకుంటున్నాం! ఇవాళ్టి నుంచి ఇది త్రావొరే! దమ్ముంటే పట్టుకోరా బొబ్బర్లోడా!"

పద్దెనిమిది తెల్లబట్టలూ ఒక్కసారి లేచాయి! ఎవరో పళ్ళెం మోగించారు, ఎవరో వంటగదిలోకి దూకారు, సఫియా "నా పిల్ల! జాగ్రత్తరోయ్, మెడ పట్టుకో!" అని నవ్వుతూనే కేకేసింది. చెమోకో అంచుదాకా పాలున్న గిన్నె పట్టుకున్నట్టు పిల్లని పట్టుకుని, మెడ కింద చెయ్యి ఆనించి, తన పొట్టతో వీలైనంత వేగంగా వీధిలోకి నడిచాడు.

జుమానా ఒక్క క్షణం అట్లాగే ఉండిపోయాడు. తర్వాత బుబు అంచులు రెండు చేతులా మోకాళ్ళపైకి ఎత్తాడు. పరుగు అందుకున్నాడు!

ఆ సన్నటి కాళ్ళు! ఆ కాళ్ళు పరుగెత్తడం చూసి ఎన్నేళ్ళయింది! కొరోటుము గుమ్మం దాకా పరుగెత్తింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. గోడల మీద జనం చప్పట్లు. "పట్టుకో ఇన్‌స్పెక్టరూ!" "త్రావొరే, ఎడమకి తిరుగు, ఎడమకి!"

అప్పుడు నది వైపు మలుపులోంచి తెల్లటి కారు వచ్చి వీధి మధ్యలో ఆగింది.

వెనక తలుపు తెరుచుకుంది. పెద్ద డైరెక్టర్ దిగాడు. నామకరణానికి ఆయన్ని పిలిచింది జుమానాయే, వారం కిందట, ఆఫీసు కాగితం మీద రాసి మరీ. కళ్ళద్దాలు, మెడదాకా బొత్తాలు. ముఖంలో ఏ భావమూ లేదు.

జుమానా ఆగిపోయాడు. బుబు అంచులు చేతుల్లోంచి జారి కాళ్ళ మీద పడ్డాయి. వీపు నిటారుగా అయింది, గడ్డం పైకి లేచింది. తొమ్మిది రోజులుగా ఆ ఇంట్లో తిరుగుతున్న మనిషి మళ్ళీ అక్కడ నిలబడ్డాడు.

పది అడుగుల దూరంలో చెమోకో కూడా ఆగాడు. అతని ముఖం మీది నవ్వు మెల్లగా ఆరిపోయింది. మర్యాద వచ్చి కూర్చుంది.

పళ్ళాలు ఆగాయి. చప్పట్లు ఆగాయి. అంత నిశ్శబ్దంలో పిల్ల ఒక్కటే ఎక్కిళ్ళు పెడుతోంది.

ఆ రోజు సభలో చెమోకో వేళాకోళమాడాడు, ఆ తర్వాత ఏమైందో కొరోటుము చూసింది. చెమోకో దర్జీ, వీధి అవతల ఉంటాడు, తలుపు వేసుకుంటే సరి. తను ఈ ఇంట్లో పడుకోవాలి. ఈ మనిషి పక్కన. ఇదే డైరెక్టర్ ముందు తను కూడా నోరు జారితే, ఇతను తనని కూడా 'మీరు' అంటే?

భుజంగుడ్డ నడుముకి బిగించి కట్టింది. వీధి మధ్యకి నడిచింది.

"ఒరేయ్ బొబ్బర్ల జారా!"

ఆ గొంతు నదిదాకా వినపడి ఉంటుంది.

"నిలబడ్డావేంట్రా? మా త్రావొరేలు నీ మనవరాల్ని ఎత్తుకుపోతుంటే, ఆ కారులోంచి బొబ్బర్ల మూట దిగినట్టు నోరెళ్ళబెట్టి చూస్తావేంటి?"

డైరెక్టర్ ఆమె వైపు తిరిగాడు. కళ్ళద్దాలు తీశాడు. కొరోటుము ఆయన్ని చూడలేదు.

ఆమె జుమానానే చూస్తోంది. అతను మెల్లగా ఆమె వైపు తిరిగాడు. కింది పెదవి వణుకుతోంది. ఇన్నేళ్ళు కాపురం చేసినా, ఆ వణుకు నవ్వు ఆపుకోలేకో, తననీ 'మీరు' అనబోయో ఆమెకి అంతుపట్టలేదు.

జుమానా నోరు తెరిచాడు.